పాత మల్లెపొదను కొత్త ఇంటికి తీసుకెళ్లడం ఎలా? (స్నేహితురాలు ఇచ్చిన మొక్క)

గోదారిగట్టు | ఆగస్టు 9

అందరికీ నమస్కారం. మా ఇల్లు డెవలప్‌మెంటుకి ఇచ్చేశాం. సంక్రాంతి వెళ్లాక పడగొడతారట. పెరట్లో కొబ్బరి, జామ, కరివేప ఉన్నాయి. వాటి గురించి బాధ ఉంది గానీ బెంగ లేదు. గోడవారన ఉన్న గుండుమల్లె గురించే రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

1991లో మావారికి ధవళేశ్వరం నుంచి హైదరాబాదుకి బదిలీ అయింది. ఇరిగేషన్ క్వార్టర్సులో మా పక్క వాటాలో ఉండే నా స్నేహితురాలు, లారీకి సామాను ఎక్కిస్తుంటే డాల్డా డబ్బాలో వేరుపోసుకున్న మల్లె అంటు తెచ్చి ఇచ్చింది. తన పెరటి మొక్కకే తొలకరిలో కట్టిపెట్టి ఉంచిందట, మా బదిలీ ఆర్డరు రాకముందే. ఎప్పటికైనా వెళ్లేవాళ్లమని తనకి తెలుసు. ఇప్పుడు దాని మొదలు నా మణికట్టంత లావయింది. ఎండాకాలం మా ఇంటికీ, అటూ ఇటూ ఇళ్లకీ సరిపోయేటన్ని పూస్తుంది.

మధ్యలో కొన్నేళ్లు మేం ఇద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు. తగువేం లేదు. పిల్లల చదువులు, మా అత్తగారి మంచం, వాళ్ల బదిలీలు. ఉత్తరాలు సన్నగిల్లి ఆగిపోయాయి. ఆ రోజుల్లోనూ మార్చి వచ్చేసరికి మల్లె మొగ్గ తొడిగేది, కోస్తున్నంతసేపూ ఆమె మాటలే గుర్తొచ్చేవి. ఇప్పుడు తను విశాఖలో ఉంది, ఆదివారం ఆదివారం ఫోన్లో మాట్లాడుకుంటాం.

నా ప్రశ్నలు: ఇంత పాత మొదలుని తవ్వి తీసుకెళ్తే బతుకుతుందా? బతకదంటే కొమ్మ అంటు కట్టుకోవాలా? అంటు నుంచి వచ్చినది ఆ మొక్కే అవుతుందా, వేరేదా? మేం వెళ్లేది మూడో అంతస్తు ఫ్లాటుకి. బాల్కనీ తూర్పు వైపు.

కడియంకుర్రాడు | ఆగస్టు 9

అమ్మా, మాది కడియపులంక. నాన్నగారి కాలం నుంచీ నర్సరీయే. మీ ఆఖరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తానండి, దాంతో మిగతా భయం సగం తగ్గుతుంది.

అంటు నుంచి లేచినది ఆ మొక్కేనండి. గుండుమల్లె, బొడ్డుమల్లె లాంటి ముద్ద రకాలు దాదాపుగా గింజ కట్టవు. ఈవేళ ఏ పెరట్లో గుండుమల్లె కనిపించినా అది ఎవరో వంచి పాతిన కొమ్మ, లేకపోతే ఎవరో కోసిచ్చిన ముక్క. దాన్ని గాలి మొయ్యదు, పిట్ట మొయ్యదు. మనిషి చెయ్యి దాటకపోతే ఆ పెరట్లోనే ఆగిపోతుంది. మీ స్నేహితురాలి ధవళేశ్వరం పొద ఇవాళ ఉన్నా లేకపోయినా, మీ గోడవారనున్నది ఆవిడ మొక్కే. ఆవిడకి ఇంకెవరో ఇచ్చి ఉంటారు, వాళ్లకి ఇంకెవరో. అదంతా ఒకే మొక్కండి, ఇళ్లు మారుతూ వస్తోంది.

ఇక పని. ఇప్పుడు వానల్లో ఉన్నాం, నేలంటుకి ఇదే అదును. నిరుడు లేచిన కొమ్మల్లో పెన్సిలంత లావున్నవి చూసుకోండి. నేలకి వంచి, మట్టిలోకి వెళ్లే చోట కణుపు కింద రెండు మూడు సెంటీమీటర్ల మేర బెరడు ఏటవాలుగా చీరండి. చీలిక మూసుకోకుండా చిన్న పుల్లముక్క దూర్చండి. జానెడులో సగం లోతున పాతి, పైన రాయి పెట్టండి. కొమ్మ చివర బయటే ఉండాలి. మట్టి ఆరకూడదు, బురద కాకూడదు. మూడు నాలుగు నెలల్లో వేళ్లు నిండుతాయి, నవంబరు ఆఖరుకి తల్లి నుంచి కోసుకోవచ్చు. ఒక్కటి పెట్టి ఊరుకోకండి, నాలుగైదు పెట్టండి.

మిద్దెమీదితోట | ఆగస్టు 10

నేలంటుకి వంగని కొమ్మలుంటే వాటిని వదిలెయ్యకండి. మూడు నాలుగు కణుపులున్న ముక్కలు, ముదురూ లేతా కాకుండా మధ్యరకంవి, కోసి ఇసుకలో గుచ్చండి. కింది ఆకులు తీసెయ్యాలి. నీడలో ఉంచి పైన ప్లాస్టిక్ కవరు బోర్లిస్తే నెలన్నరలో తెలిసిపోతుంది. అన్నీ పట్టుకోవు గానీ కొన్ని పట్టుకుంటాయి.

తూర్పు బాల్కనీ అయితే పొద్దున్నించి ఎంతసేపు ఎండ పడుతుందో ముందు వెళ్లి చూసుకోండి. నీడలో మల్లె బతుకుతుంది, ఆకు నిగనిగలాడుతుంది, మొగ్గ మాత్రం రాదు. ఐదారు గంటల ఎండ కావాలి. ఎదురుగా ఇంకో అపార్టుమెంటు లేస్తోందేమో కూడా కనుక్కోండి.

మైలవరంరైతు | ఆగస్టు 10

అమ్మా, మాకు మల్లెతోట ఉంది. పాత మొదలు సంగతి నేను చెప్తాను. తోటగా అయితే పన్నెండు, పదిహేనేళ్లకి దిగుబడి పడిపోయిందని మేం తీసేస్తాం. ముప్పై ఏళ్లు దాటినదాన్ని నిలబెట్టారంటే ఏటా కొమ్మ కొడుతూనే ఉండి ఉంటారు.

మా దగ్గర నవంబరులో తోటకి నీళ్లు కట్టడం మానేస్తాం. ఆకు వడిలి రాలుతుంది. రాలనిచోట గొర్రెల మందని దించి మేపించేవాళ్లూ ఉన్నారు. తరవాత మూరెడు ఎత్తు ఉంచి పైదంతా కొట్టేస్తాం. పాదులు తవ్వి వేళ్లకి కొంచెం ఎండ తగలనిచ్చి, పశువుల ఎరువు పోసి, అప్పుడు మళ్లీ నీళ్లు పెడతాం. ఆ నడుమ కొత్తవాళ్లు ఎవరైనా వస్తే తోట పోయిందనుకుంటారు. మల్లె పాత కొమ్మకి పూయదమ్మా, కొత్త చిగురు చివరే పూస్తుంది. చిగురు రావాలంటే ఆ ఎండబెట్టడమూ, ఆ కొట్టడమూ కావాలి.

మీ పొదని తవ్వేది కూడా ఆ టైములోనే తవ్వండి, డిసెంబరులో. మూరెడుకి కొట్టి, చుట్టూ బాగా ఎడంగా గునపంతో తీసి, వేళ్లకున్న మట్టిగడ్డ విడిపోకుండా గోనెపట్టా చుట్టి ఎత్తండి. తల్లివేళ్లు లోతుకి పోయి ఉంటాయి, కొన్ని తెగక తప్పదు. ఆశ పెట్టుకోండి గానీ దానిమీదొక్కదానిమీదే పెట్టుకోకండి.

కొన్నేళ్లు మాట్లాడుకోలేదన్నారు. ఆ ఏళ్లని పోయిన ఏళ్లుగా లెక్కెయ్యకండి. నీళ్లు ఆపిన మల్లెతోటని నేను ఏటా చూస్తాను.

వాల్తేరు | ఆగస్టు 11

రైతుగారి మాట చాలా బాగుంది. నేను ఒప్పుకోనిది ఒక్కటుంది, చెప్పాలనిపించి చెప్తున్నాను.

నీళ్లు ఆపిన రైతుకి మళ్లీ కట్టే రోజు తెలుసు. ఆ ఎండబెట్టడం ఆయన చేతిలో పని. స్నేహంలో మాటలు ఆగిపోయినప్పుడు ఎవరూ కావాలని ఆపరు, మళ్లీ ఎవరు మొదలుపెట్టాలో ఎవరికీ తెలీదు. చాలా స్నేహాలు అక్కడే ఎండిపోతాయి, ఇద్దరికీ ఇష్టం ఉండి కూడా. అందుకని మాట్లాడని ఏళ్లు మేలే చేశాయని నేను అనలేను. ఎవరో ఒకరు ఫోన్ చేశారు కాబట్టి స్నేహం నిలిచింది, ఆ ఫోన్ చేసిన మనిషిది ఆ గొప్పతనం.

ఇంకోటి. మా ఇంట్లో కూడా స్నేహితుడిచ్చిన సన్నజాజి ఉండేది, డాబా మీదికి పాకించాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు పందిరితో సహా ఎగిరిపోయింది. ఊళ్లో చెట్లు ఎన్ని పోయాయో ఇక్కడివాళ్లకి తెలుసు. ఆ మర్నాడు ఫోన్లు పనిచెయ్యకపోతే అతను గాజువాక నుంచి పడిపోయిన చెట్ల మధ్య నడుచుకుంటూ, మేం ఎలా ఉన్నామో చూడ్డానికి వచ్చాడు. జాజి మళ్లీ వెయ్యలేదు. అతను ఇప్పటికీ వస్తాడు. అమ్మా, అంటు పట్టుకోకపోయినా, పాత మొదలు పోయినా, దాన్ని ఏదో సూచనగా మాత్రం తీసుకోకండి. అదొక్కటే నా భయం.

గోదారిగట్టు | ఆగస్టు 12

వాల్తేరు గారూ, మీరు సరిగ్గా నా మనసులో ఉన్న భయాన్నే పట్టుకున్నారు. అవును, సూచనగానే తీసుకుంటున్నాను. ఇద్దరికీ వయసు మీద పడింది, ఆమెకి మోకాళ్లు, నాకు షుగరు. ఈ సమయంలో మొక్క పోవడం అంటే భయమేసింది.

ఫోన్ ఎవరు చేశారని అడిగినట్టుగా ఉంది మీ మాట. తనే. ఫోన్ కూడా కాదు, మనిషే వచ్చింది. మా మామగారు పోయారని ఎవరి ద్వారానో తెలిసి, పదకొండో రోజు పొద్దున్నే గౌతమి ఎక్స్‌ప్రెస్ దిగి వచ్చేసింది. అన్నేళ్లు ఎందుకు రాయలేదని నేనూ అడగలేదు, తనూ అడగలేదు. చీర కుచ్చిళ్లు దోపుకుని వంటింట్లోకి వెళ్లి పన్నెండో రోజు వంటకి కూరలు తరగడం మొదలుపెట్టింది.

నిన్న తనకి ఈ సంగతంతా చెప్పాను. అంటు పట్టుకుంటే ఒకటి నీకే అన్నాను. "నాకొద్దే. మా బాల్కనీకి ఎండ రాదు, చూస్తూ చూస్తూ చంపలేను. మొక్క పంపించి నువ్వు ఊరుకుంటావు, ఆ పప్పులు ఉడకవు. నువ్వు రా" అంది. కాసేపు మనసు చివుక్కుమంది. తరవాత ఆలోచిస్తే తను అన్నది న్యాయమే.

పాలమూరుదోస్తు | ఆగస్టు 14

అక్కా, మీ ముచ్చట చదివినంక మా అమ్మ ముచ్చట చెప్పాలనిపించింది. మా అమ్మ, పక్కింటి పెద్దమ్మ పానం దోస్తులు. ఇద్దరి ఇండ్లకు నడుమ ఒకటే గోడ, గోడ పొంటి మల్లె. వేరు మా దిక్కు, కొమ్మలు సగం వాళ్ల దిక్కు. చిట్టి పైసల కాడ మాటా మాటా వచ్చి మాట్లాడుకునుడు బందయింది. ఒక్క ఇంట్ల పెండ్లయితే ఇంకో ఇంటికి కార్డు గూడ పోలే.

అయినా మా అమ్మ గోడ అవతలికి పోయిన కొమ్మలు ఒక్కనాడు కొట్టెయ్యలే. వాళ్లూ విరగ్గొట్టలే. పొద్దుగూకంగ ఎవరి దిక్కు మొగ్గలు వాళ్లు తెంపుకునేది. ఒకరి గాజుల సప్పుడు ఒకరికి ఇనొస్తది, మాట మాత్రం లేదు.

యేటా పొద కొట్టేది మా నాయిన. గోడెక్కి రెండు దిక్కులా ఆయనే కొట్టేది. నాయిన పోయినంక ఎవరూ కొట్టలే, రెండు ఎండాకాలాలు పూలు సన్నబడ్డయి. అప్పుడు ఒకనాడు పెద్దమ్మ కొడవలి పట్టుకొని మా వాకిట్లకొచ్చి, "ఇట్ల వదిలేస్తే పూలెట్ల పూస్తయే? ఆయనుంటే ఊకుంటుండెనా?" అన్నది. మా అమ్మ నిచ్చెన పట్టుకున్నది. పెద్దమ్మ కొట్టింది. గంతే. ఆ చిట్టి పైసలు ఇప్పటికీ రాలేదు, ఎవ్వరూ అడగలే.

వాల్తేరు అన్న చెప్పింది కరెక్టే, ఎవరో ఒకరు ముందుగాల రావాలె. కాని రానీకి ఒక పని ఉండాలె గద. ఉత్తగ వచ్చి "తప్పయింది" అననీకి మనిషికి మస్తు కష్టం. కొడవలి పట్టుకొని రానీకి అల్కగ ఉంటది.

వాల్తేరు | ఆగస్టు 14

పాలమూరు తమ్ముడూ, ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. నువ్వన్నది నిజం.

టెక్సాస్‌తెలుగు | ఆగస్టు 17

ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. మేం డాలస్ దగ్గర ఉంటాం. అంటు ఎవరికైనా విదేశానికి పంపాలనుకునేవాళ్లకి ఒక మాట: అమెరికాకి మట్టితో ఉన్న మొక్కని రానివ్వరు. మట్టి లేకుండా తేవాలన్నా మన వ్యవసాయ శాఖ ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకి తెగుళ్లు లేవన్న పత్రం) ఉండాలి. సూట్‌కేసులో దాచి తెచ్చే ప్రయత్నం చెయ్యకండి.

నేను ఇక్కడి నర్సరీలోనే కొన్నాను. మన బొడ్డుమల్లె లాంటి ముద్దమల్లె ఇక్కడ 'గ్రాండ్ డ్యూక్ ఆఫ్ టస్కనీ' పేరుతో దొరుకుతుంది. ఆ పేరు వెనక ఇటలీలో ఒక కథ చెప్పుకుంటారు. టస్కనీ ప్రభువు తన తోటలో మల్లెని పెంచి, ఒక్క కొమ్మ కూడా బయటికి పోకూడదని కట్టడి చేశాడట. తోటమాలి మాత్రం తను ప్రేమించిన అమ్మాయికి పుట్టినరోజున ఒక రెమ్మ ఇచ్చాడు, ఆమె దాన్ని నాటింది, అలా ఊరంతా పాకింది. కడియం తమ్ముడు చెప్పిన మాట, మనిషి చెయ్యి దాటకపోతే ఆగిపోతుందన్నది, చదవగానే ఈ కథే గుర్తొచ్చింది.

నా మల్లె గుమ్మం దగ్గర కుండీలో ఉండేది. ఒకరోజు పక్క వీధి ఆవిడ నడుచుకుంటూ వెళ్తూ ఆగిపోయి, కుండీ దగ్గర వంగుని నిలబడింది. ఫిలిప్పీన్స్ ఆవిడ. వాళ్లు దీన్ని సంపగీత అంటారు, 1934 నుంచి వాళ్ల జాతీయ పుష్పం. మనీలాలో చర్చిల ముందు దండలు కట్టి అమ్ముతారట. మా అమ్మ ఎలా మాల కడుతుందో నేను చేసి చూపించాను, ఆవిడ వాళ్లమ్మ దారంతో ఎలా గుచ్చుతుందో చూపించింది. అప్పటి నుంచీ ఒకరి ఇంటి తాళం ఒకరి దగ్గర ఉంటుంది.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్ అంతా గడ్డకట్టి కరెంటు పోయినప్పుడు మా వీధిలో లేదు, వాళ్ల వీధిలో ఉంది. ఆవిడ భర్త ట్రక్కు వేసుకుని వచ్చి మమ్మల్నీ, పిల్లల్నీ తీసుకెళ్లారు. నేను బయల్దేరుతూ కుండీ వైపు చూస్తే ఆవిడే వెనక్కి వెళ్లి దుప్పటి చుట్టి తెచ్చింది. మల్లె పది డిగ్రీల కిందికి పడితేనే ముడుచుకుంటుంది, ఆ చలికి ఒక్క రాత్రి ఆగేది కాదు. నాకు ఇక్కడ చుట్టాలు లేరు. ఆ మొక్క లేకపోతే ఆమె మా గుమ్మం ముందు ఆగేదే కాదు.

మూరమల్లె | ఆగస్టు 18

గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలమ్మే మా చిన్నమ్మ దగ్గర కూర్చుని పెరిగినదాన్ని. టెక్సాస్ అక్క రాసింది చదివి కళ్లు చెమర్చాయి.

గోదారిగట్టు | అక్టోబరు 20

చాలారోజులకి వస్తున్నాను. నేలంటు పెట్టినవాటిలో ఒకటి చీమలు పట్టి పోయింది. మిగతావాటి మీద కొత్త ఆకు వచ్చింది. ఇసుకలో గుచ్చినవి కొన్ని నల్లబడ్డాయి, కొన్ని చిగురేశాయి. అయితే చిగుళ్లు పసుపుపచ్చగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. ఏం చెయ్యను?

మిద్దెమీదితోట | అక్టోబరు 20

ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు తిరిగితే ఇనుప ధాతువు లోపం. గోడవారన కదా, సున్నం, సిమెంటు పెచ్చులు మట్టిలో కలిసి ఉంటాయి. అలాంటి మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. లీటరు నీళ్లకి అయిదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చెయ్యండి. లేత మొక్కలకి సగం మోతాదు చాలు. కుండీలకి ఆ గోడవారన మట్టి వాడకండి. ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, ఇసుక కలుపుకోండి.

మైలవరంరైతు | అక్టోబరు 21

మొక్క లేతగా ఉన్నప్పుడు వచ్చిన మొగ్గలు గిల్లెయ్యండమ్మా. మొదటి ఏడు పూలకి ఆశపడితే కొమ్మ కట్టదు.

గోదారిగట్టు | డిసెంబరు 14

అంటులు కోశాం. వేళ్లు తెల్లగా, గుత్తుగా ఉన్నాయి. కుండీల్లోకి మార్చి నీడలో ఉంచాను. పాత పొదని నిన్న కొట్టించి తవ్వించాం. తవ్వడానికి వచ్చిన మనిషి పలుగు వేస్తూ, "ఇది మామూలు మొక్కలా లేదమ్మా, ఇంటి పునాది పట్టుకునుంది" అన్నాడు. ఒక పెద్ద వేరు గోడ కిందికి వెళ్లిపోయింది, దాన్ని కొయ్యక తప్పలేదు. గోనెపట్టా చుట్టి, మా తమ్ముడి ఇంటి వెనక ఖాళీ జాగాలో పాతాం. ఫ్లాటు కుండీలో అది పట్టదు.

తవ్వుతున్నంతసేపూ స్నేహితురాలు వీడియో కాల్‌లో ఉంది. "అటు తవ్వొద్దను, ఇటు తవ్వమను" అని అక్కణ్నించే చెప్తూనే ఉంది. ఫోన్ నా చేతిలో ఉందని మర్చిపోయి ఆ తవ్వే ఆయన తననే నేరుగా అడగడం మొదలుపెట్టాడు.

వచ్చే నెలలో పదిరోజులు విశాఖ వెళ్తున్నాను, టికెట్లు తీసుకున్నాం. మొక్క తీసుకెళ్లడం లేదు.

మైలవరంరైతు | జనవరి 24

పాత మొదలు ఎలా ఉందమ్మా?

గోదారిగట్టు | జనవరి 26

ఇంకా చిగురెయ్యలేదు అన్నయ్యా. నేను ఇంకా విశాఖలోనే ఉన్నాను, తమ్ముడు వాడి మొహానికి ఫోన్ పెట్టి చూపిస్తున్నాడు గానీ నాకేం తెలియడం లేదు.

మైలవరంరైతు | జనవరి 26

మొదలు మీద గోటితో బెరడు కొంచెం గీరి చూడమనండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకొంచెం కిందికి వచ్చి గీరమనండి. వేరు నుంచి కూడా పిలక లేవొచ్చు, మార్చి దాకా తీసెయ్యొద్దని చెప్పండి. నీళ్లు తడి ఆరనియ్యకుండా, నిలవనియ్యకుండా.

గోదారిగట్టు | జనవరి 27

గీరించాను. పైన పొడిగా ఉంది, జానెడు కిందికి వచ్చేసరికి పచ్చగా ఉందన్నాడు. ఇక్కడ ఇద్దరం కలిసి చూశాం.

ఇసుకలో గుచ్చిన ముక్కల్లో పట్టుకున్నవి నాకు అవసరానికి మించి ఉన్నాయి. బాల్కనీలో చోటు లేదు. హైదరాబాదులో ఎవరికైనా కావాలంటే చెప్పండి.

మూరమల్లె | జనవరి 27

నాకు ఒకటి కావాలమ్మా. మా చిన్నమ్మ రోజూ శేర్లకొద్దీ మల్లె అమ్మింది గానీ సొంతంగా మొక్క పెంచే జాగా ఎప్పుడూ లేదు. ఇప్పుడు మా అద్దె ఇంటి డాబా మీద ఎండ బాగా వస్తుంది, ఓనరు ఒప్పుకున్నారు.

పాలమూరుదోస్తు | జనవరి 27

అక్కా, నాకొకటి. గోడ పొంటి మల్లె ఉన్నది గాని, మీది గూడ పక్కన పెడ్త.

గోదారిగట్టు | జనవరి 28

ఇద్దరికీ తీసి పెడతాను. ఫిబ్రవరి మొదటివారంలో వస్తాను, వచ్చాక మెసేజ్ పెడతాను. పొద్దున్నే రండి, ఎండెక్కాక వద్దు. తడిగుడ్డ, గట్టి సంచీ తెచ్చుకోండి. మూరమల్లె తల్లీ, నువ్వు చిన్నమ్మని కూడా తీసుకురా, కాఫీ తాగి వెళ్దురు గాని.

కడియంకుర్రాడు | జనవరి 28

తీసుకెళ్లాక వారం రోజులు నీడలోనే ఉంచండి, ఆ తరవాత పొద్దుటి ఎండకి అలవాటు చెయ్యండి. ఎరువు నెల దాకా వద్దు.

పాలమూరుదోస్తు | జనవరి 28

అట్లనే తమ్మీ.